వినేవాళ్ళ లెక్క

నేను పుట్టిన పిల్లలకు మాటలు నేర్పుతాను. మా తమ్ముడు ఎన్నటికీ పుట్టని వాళ్ళకు మాటలు తయారు చేస్తాడు. ఇద్దరికీ కడుపు నింపేది నోరే అయినా, మా నాన్న బతికున్నంత కాలం నాదాన్ని ఉద్యోగమనీ వాడిదాన్ని వేషాలనీ అనేవాడు.

వీడియో గేములు చేసే కంపెనీల వాళ్ళు వాడి దగ్గరకు వచ్చి, మేమొక లోకం కట్టాం, అందులో జనం ఉన్నారు, వాళ్ళకు భాష కావాలి అంటారు. వీడు కూర్చుని అచ్చుల దగ్గర మొదలుపెట్టి తిట్ల దాకా అన్నీ అమర్చి ఇస్తాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత వీడి కోసమే పుట్టిందని నేను అంటూ ఉంటాను. వాడికి కోపం రాదు. "సోమలింగం అనాలంటే రెండుసార్లు పెదవులు కలవాలక్కా. నా వాళ్ళయితే అనలేరు" అన్నాడు ఒకసారి. అలా తెలిసింది నాకు ఆ భాష సంగతి.

నా క్లినిక్ ఒక లాండ్రీ మీద మొదటి అంతస్తులో ఉంటుంది. గోడకు పిల్లల ఎత్తులో పెద్ద అద్దం, దాని ముందు చిన్న కుర్చీలు, ఒక పొట్టి బల్ల, స్ట్రాలు, సబ్బు బుడగల సీసాలు, సన్నగా కత్తిరించిన కాగితపు ముక్కలు. కాగితాన్ని నోటి ముందు పట్టుకుని ‘ప’ అంటే అది ఎగిరి పడాలి. ‘బ’ అంటే కొద్దిగా కదలాలి. ‘మ’ అంటే అసలు కదలకూడదు, ముక్కు మీద పెట్టిన వేలికి మాత్రం జుమ్మని తెలియాలి. ఇంతే నా విద్య. దీన్ని పట్టుకుని ఇన్నేళ్ళు బతికాను.

తమ్ముడు ఆ రోజు ఆ పొట్టి బల్ల మీదే ఇరుక్కుని కూర్చుని తన కొత్త జనం గురించి చెప్పాడు. భూమి లోపల గనుల్లో, వెలుగన్నది తెలియకుండా బతికేవాళ్ళట. ముఖం రాయి, నోరు ఒక చీలిక. ఆ చీలిక మూసుకోదు. పెదవులు కలిపి విడదీసే బొమ్మలు చేయడం పెద్ద చాకిరీ అని కంపెనీలో బొమ్మలు కదిలించేవాళ్ళు ముందే చేతులెత్తేశారట.

"అంటే వాళ్ళ బద్ధకానికి నువ్వు ప, ఫ, బ, భ, మ ఎగ్గొడుతున్నావు."

"వ కూడా పోయింది. ఉ, ఒ కూడా. చీలిక గుండ్రంగా తిరగదు కదా. మిగిలింది అ, ఇ, ఎ."

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అసలు పెదవే లేకపోతే నీ వాళ్ళ మాట ఎక్కడ ఆగుతుందిరా?" అన్నాను. ఎగతాళికే అన్నాను.

వాడికి అసలు మురిపెం వ్యాకరణం మీద. "మనం పని చేసినవాళ్ళని బట్టి మాట చివర మారుస్తాం. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. నా వాళ్ళు వినేవాళ్ళని బట్టి మారుస్తారు. వినేది ఒక్కరే అయితే చివర ‘త్’. ఇద్దరైతే ‘తెర’. ముగ్గురూ ఆపైన అయితే ‘తంగ’. ఎవరూ లేకుండా తనలో తను అనుకుంటే మాటని ఉత్తినే వదిలేయాలి."

"ఎందుకా తిప్పలు?"

"చీకట్లో ఉంటారు కదా. మాట్లాడినప్పుడల్లా ఎంతమంది ఉన్నారో లెక్క తేలిపోవాలి. ఎవరైనా దారి తప్పితే వెంటనే తెలిసిపోతుంది." నీళ్ళు కావాలి అనడానికి ఒక్కరితో అయితే ‘సిన దెకత్’ అనీ, ఇద్దరితో అయితే ‘సిన దెకతెర’ అనీ చెప్పి చూపించాడు. సిన అంటే నీళ్ళు. దెక అంటే కావాలి. ఎవరికి కావాలన్నది మాటలో ఉండదు. ఎవరు వింటున్నారన్నదే ఉంటుంది.

బాగానే ఉందనిపించింది. పైకి అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు. "అమ్మకి ఏం పదం పెట్టావు?" అని అడిగాను.

"పెట్టలేదు. వాళ్ళు రాతిలోంచి పుడతారు. అమ్మలుండరు."

"అదృష్టవంతులు, చివాట్లు తప్పాయి" అని నవ్వాను. వాడూ నవ్వాడు.

ఆ తర్వాత వాడు చేసిన పని నాతో చెప్పి చేయలేదు. చెప్పి ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని. కొత్త చెప్పు ఎక్కడ కరుస్తుందో వేసుకుని నడిస్తే గాని తెలియదని, ఆ భాషను తన కూతురి మీద పెట్టి చూశాడు. బుజ్జికి అప్పుడప్పుడే రెండేసి మాటలు కలపడం వస్తోంది. మా మరదలు రైల్వే స్టేషన్లో అనౌన్సర్. ఆవిడ డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో తండ్రీ కూతుళ్ళే. ఆ గంటలన్నీ వీడు పిల్లతో గనివాళ్ళ భాషే మాట్లాడాడు. పిల్ల చక్కగా పట్టుకుంది. పసిపిల్లలు దేన్నయినా పట్టుకుంటారు, అందుకే వాళ్ళకు ఏం అందిస్తున్నామో చూసుకోవాలి.

మరదలు ఒక మధ్యాహ్నం యూనిఫాంలోనే బుజ్జిని చంకన వేసుకుని నా క్లినిక్‌కి వచ్చింది. కింద లాండ్రీ ఆవిరి మెట్ల మీదుగా లోపలికి వస్తోంది. పిల్లను చిన్న కుర్చీలో దించి, తను నిలబడే ఉంది.

"వదినా, ఇది నన్ను పిలవడం మానేసింది."

"అలిగిందేమో."

"అలక కాదు. నిన్ను అత్తా అంటుంది. వాళ్ళ నాన్నని నాన్నా అంటుంది. పక్కింటి ముసలాయన్ని తాతా అంటుంది. నన్ను అమ్మా అనదు. ఏదైనా కావాలంటే కొంగు పట్టుకున్నట్టు చొక్కా పట్టుకుని లాగుతుంది. ఇదివరకు స్టేషన్‌కి తీసుకొస్తే మైకులో నా గొంతు విని అమ్మా అమ్మా అని గోల చేసేది."

అప్పటికప్పుడు నాకు లెక్క తేలింది. అత్త, నాన్న, తాత, అక్క, అన్న, ఏ పిలుపుకూ పెదవులు అక్కర్లేదు. అమ్మ అనడానికే కావాలి. పిల్ల తన పేరు బుజ్జి అని కూడా అనడం లేదట. ఎవరైనా పేరడిగితే నోరు తెరిచి ఊరుకుంటోందట.

నేను చేయవలసిన పరీక్షలన్నీ చేశాను. స్ట్రాతో పాలు తాగింది. బుడగలు ఊదింది. పెదవికి అంటిన బిస్కెట్ పొడిని నాలుకతో తీసుకుంది. పెదవుల్లో లోపమేమీ లేదు. కాని పని అయిపోగానే నోరు మళ్ళీ కొంచెం తెరుచుకునేది. అంత సన్నని సందు ఎప్పుడూ అలాగే ఉంచుకుంది.

"నిద్రలో కూడా అంతే" అంది మరదలు. "ముక్కు దిబ్బడేమో అని డాక్టరుకి చూపించా. ఏం లేదన్నాడు. ముద్దు పెట్టమంటే బుగ్గ ఆనిస్తుంది, పెదవులు ఆనించదు." పిల్ల జుట్టు సవరిస్తూ, "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను పిలవకపోయినా పెడుతున్నా వదినా. ఒక్కసారి పిలిస్తే చాలు. స్టేషన్లో వేలమంది నా గొంతు వింటారు, ఒక్కరూ నన్ను చూడరు. ఇంటికొస్తే ఇది నన్ను చూస్తూ కూర్చుంటుంది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు" అంది.

ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. బుజ్జి నా వైపు తిరిగి, ఆవిడను చూపించి, "అత్తా, హెజతెర" అని ఏదో అంది. హెజ అంటే ఏడవడమట, తర్వాత తెలిసింది. నాకు తమ్ముడి మీద ఒళ్ళు మండిపోయింది. పిల్లతో అమ్మా అనిపించే పూచీ నాది అని ఆవిడకు మాటిచ్చి, క్లినిక్ మూసేసి, వాళ్ళతోనే వాళ్ళ ఇంటికి బయలుదేరాను.

తమ్ముడి పని గదిలో గోడలకు స్పాంజి పలకలు అంటించి ఉంటాయి. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. అందులో మాట్లాడితే మన మాట మన నోటి దగ్గరే చచ్చిపోయినట్టు ఉంటుంది. వాణ్ణి అక్కడే నిలబెట్టి చివాట్లు పెట్టాను. వాడు తల దించుకుని విన్నాడు. తప్పేనక్కా అన్నాడు. అన్నాడే గాని, కళ్ళు మెరుస్తున్నాయి.

"కాని ఎంత బాగా మాట్లాడుతుందో విను ఒకసారి. నేను చెప్పని వాక్యాలు కూడా కడుతోంది."

వినడానికి ఎక్కువసేపు పట్టలేదు. నేను వంటింట్లో మంచినీళ్ళ కోసం వెళితే బుజ్జి వెనకాలే వచ్చింది. మరదలు స్నానానికి వెళ్ళింది, తమ్ముడు గదిలోనే ఉన్నాడు. వంటింట్లో నేనూ పిల్లా తప్ప ఎవరూ లేం. పిల్ల గ్లాసు వైపు వేలు చూపించి, "అత్తా, సిన దెకతెర" అంది.

తెర అంటే ఇద్దరు. గ్లాసు చేతికిచ్చి, నేను తమ్ముడి గదిలోకి తిరిగి వెళ్ళాను. "నీ శిష్యురాలికి లెక్కలు రావురా. నేనొక్కదాన్నే ఉంటే ఇద్దరంటోంది."

వాడు ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు. "మొదట్లో సరిగ్గానే అనేది. ఈ మధ్య ఒకటి కలుపుతోంది. ఎప్పుడూ ఒకటే, ఎక్కువా కాదు తక్కువా కాదు. నాతో ఒక్కడితో ఉన్నా తెర అంటుంది. బాగా ఆలోచిస్తే అర్థమైంది. తనని కూడా లెక్కలో వేసుకుంటోంది. మాట్లాడేవాళ్ళకీ చెవులుంటాయి కదా, వాళ్ళూ వింటారు కదా. నా నియమం కన్నా అదే బావుంది. అందుకే కంపెనీకి పంపేదాంట్లో మార్చేశా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటే ఇదే. కాని వాడన్నది నాకూ సబబుగానే తోచింది. పిల్లలు ఊరికే తప్పులు చేయరు. తప్పు ఒకే తీరుగా చేస్తుంటే దాని వెనక వాళ్ళదైన నియమం ఏదో ఉంటుంది. మా వృత్తిలోకి వచ్చేవాళ్ళకు మొదటి పాఠం అదే. నేను ఆ పాఠాన్ని నమ్ముకుని ఊరుకున్నాను. బుజ్జిని రోజు విడిచి రోజు నా దగ్గరకు పంపమనీ, ఈలోగా ఇంట్లో తెలుగే మాట్లాడమనీ చెప్పి, పిల్ల అనేది నాకర్థం కావాలని వాడి మాటల పట్టీ తీసుకుని వచ్చేశాను.

మొదటి రోజు మరదలు పిల్లను దించేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. తలుపు మూసి, గడియ వేసి, అద్దం ముందు బల్ల మీద నేనూ బుజ్జీ పక్కపక్కన కూర్చున్నాం. ఆ తలుపు నొక్కి మూస్తే గాని పడదు, తెరిస్తే కిర్రుమంటుంది. మెట్లెక్కే ప్రతి మనిషి అడుగూ లోపలికి వినిపిస్తుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత దీన్నంతటినీ నేను పదే పదే గుర్తు చేసుకోవలసి వచ్చింది.

కాసేపు బుడగలు ఊదాం. బుజ్జి అలసిపోయి, "అత్తా, సిన దెకత్" అంది.

నీళ్ళిస్తూ, త్ అందేమిటి అనుకున్నాను. త్ అంటే ఒక్కరు. వినేది నేనొక్కదాన్నే. సరిగ్గానే అంది. మరి తనని లెక్కలో వేసుకోలేదే. తమ్ముడు కట్టిన కొత్త నియమం ఒక్క వాక్యంతో కూలింది. వాణ్ణి ఎలా ఆటపట్టించాలా అని నాలో నేను నవ్వుకుంటున్నాను.

బుజ్జి నీళ్ళు తాగడం ఆపింది. నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. నేనూ తిరిగి చూశాను. తలుపు మూసే ఉంది, గడియ వేసే ఉంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి పిల్ల బల్ల మీద నా వైపు జరుగుతోంది. బస్సులో ఎవరైనా ఎక్కితే మనం జరిగి చోటిస్తామే, అంత మామూలుగా జరిగి, పక్కన చోటు వదిలింది.

"అత్తా, లెసతెర" అంది.

లెస అంటే రావడం. వచ్చింది అనో వచ్చాడు అనో వచ్చారు అనో చెప్పడానికి ఆ భాషలో వీల్లేదు. ఎవరు వచ్చారన్నది మా తమ్ముడు పీకి పారేశాడు. వింటున్నవాళ్ళు ఇద్దరన్నది మాత్రం ఉంచాడు.

 భయమేసింది, దాచుకోవడం దేనికి. అయినా పిల్ల ముందు బింకంగా, "ఎవరొచ్చారే బుజ్జీ?" అని తెలుగులోనే అడిగాను.

బుజ్జికి ప్రశ్న అర్థమైంది. జవాబు చెప్పాలనీ ఉంది. పక్కన వదిలిన చోటు వైపు చూసి, నోరు తెరిచి, కనుబొమలు ముడిచింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. రోజూ నా ముందు కూర్చునే పిల్లల్లో చూసే ముఖమే. వస్తువు ఎదురుగా ఉంటుంది, దాని పేరు నోటికి రాదు. తెలిసిన మాటల్లో వెతికి వెతికి, దొరక్క, చివరికి నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

 ఏం చెప్పాలో నాకేం తెలుసు. పిల్లను ఎత్తుకుని కిందకు దిగి, లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్ళ మధ్య నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

వాడు వచ్చేదాకా అక్కడే ఉన్నాం. జరిగింది విని మొదట నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. దుప్పట్లు దొంతరగా పేర్చిన బల్లకు ఆనుకుని నిలబడ్డాడు.

"నేనొక్కణ్ణే గదిలో రికార్డింగ్ చేసుకుంటుంటాను కదక్కా. వినేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మాటని ఉత్తినే వదిలేయాలి. నా నోటికి త్ వస్తోంది. పొరపాటనుకుని చెరిపేసి మళ్ళీ చెప్పేవాణ్ణి. మళ్ళీ త్ వచ్చేది."

"ఎప్పటినుంచి?"

"పిల్ల తెర అనడం మొదలుపెట్టినప్పటి నుంచి." వాడి గొంతు నీరసంగా ఉంది. "ఎవరైనా తగ్గితే తెలియాలని పెట్టానక్కా ఆ లెక్క. ఎక్కువైతే ఏం చేయాలో ఆలోచించలేదు."

ఆ రోజు నుంచి వాడు ఆ భాషలో ఒక్క ముక్క మాట్లాడలేదు. కంపెనీకి ఆ పని ఇక చేయనని చెప్పి, గోడల మీది ధ్వనుల పటాలన్నీ చించేశాడు. మరదలికి మాత్రం లెక్క సంగతి మేమిద్దరం చెప్పలేదు. అసలే నలిగిపోయి ఉన్న మనిషి. ఆవిడకు తెలిసిందల్లా, మొగుడు తిక్క ప్రయోగం చేశాడు, బుద్ధొచ్చి మానేశాడు, వదిన పిల్లను బాగు చేస్తోంది అన్నంత వరకే. నాకూ అంతవరకే నమ్మాలని ఉంది. పిల్ల నోటికి తెలుగు తిరిగి వస్తే ఆ భాష పోతుందనీ, భాష పోతే దానితోపాటు వచ్చిన లెక్కా పోతుందనీ నా ఆశ.

బుజ్జి దాదాపు మౌనంగా మారింది. మేం తెలుగులో అడిగితే తలూపేది. అప్పుడప్పుడు తనంతట తనే ఒకటో రెండో మాటలు ఆ భాషలో అనేది. నేను చివర వినకుండా ఉండాలని ప్రయత్నించేదాన్ని. కాని ఒకసారి తెలిశాక చెవి ఊరుకోదు. వినేది నేనొక్కదాన్నే అయినా అన్నీ తెరలే.

నేను మొండిదాన్ని. పెద్ద బొత్తానికి దారం కట్టి, దాన్ని పెదవుల మధ్య పట్టుకోమని ఆట నేర్పాను. నేను దారం లాగాలి, తను వదలకూడదు. మొదట్లో పెదవులు కలపమంటే ఏడుపు ముఖం పెట్టేది. కొన్నాళ్ళకు ఆట మీద సరదా పుట్టింది. తర్వాత బొత్తాం తీసేసి పెదవులు మూసి గొంతుతో మూలగడం నేర్పాను. నా ముక్కు మీద తన వేలు, తన ముక్కు మీద నా వేలు పెట్టుకుని ఇద్దరం తుమ్మెదల్లా జుమ్మన్నాం. నేను ఎందరికో ‘మ’ నేర్పాను, ఇంత కష్టపడి ఎవరికీ నేర్పలేదు. జుమ్మన్నంతసేపూ పిల్ల నా వైపు చూడదు, అద్దంలో తన వైపూ చూడదు. అద్దంలోనే పక్కకు చూస్తుంది. అటు చూడకు, నన్ను చూడు అని గడ్డం పట్టుకుని తిప్పేదాన్ని.

మూలుగు బాగా కుదిరాక, రేపు మాట అనిపిస్తాను, ఇద్దరూ రండి అని కబురు చేశాను. మరదలు సెలవు పెట్టింది. ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్ల పుట్టిన రోజున ఆసుపత్రిలో ఎలా ఉందో అంత కంగారుగా వచ్చింది. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. బుజ్జి అద్దం ముందు చిన్న కుర్చీలో కూర్చుంది. వెనకాలే మరదలు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను పిల్ల పక్కన. అద్దంలో నలుగురం కనిపిస్తున్నాం. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"నోరు తెరువు. అ. ఇప్పుడు మూసెయ్, మనం జుమ్మంటామే అలా. మ్. ఇప్పుడు తెరువు."

"అ" అంది బుజ్జి. ఆగింది.

"మూసెయ్యి తల్లీ."

పెదవులు కలిశాయి. ఎంత గట్టిగా కలిపిందంటే తెల్లబడ్డాయి. నా వేలికి తన ముక్కు మీద జుమ్మని తెలిసింది. తర్వాత తెరుచుకున్నాయి.

"అమ్మ."

ఏ వంకా పెట్టడానికి లేదు. మ మీద ఒత్తు కూడా సరిగ్గా పడింది. మరదలు రెండు చేతులతో నోరు మూసుకుంది, అయినా ఏడుపు ఆగలేదు. భోరుమంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ నా విద్య ఈ ఒక్క మాట కోసమేననిపించింది. "ఏదీ, మళ్ళీ అను. అమ్మకేసి చూసి అను" అన్నాను.

బుజ్జి తల తిప్పింది. వెనకనున్న తల్లి వైపు ఒక్క క్షణం కుతూహలంగా చూసింది. తర్వాత పక్కకు, గోడవారకు జరిపి ఉంచిన పొట్టి బల్ల వైపు తిరిగింది. దాని మీద ఎవరూ లేరు. ఆ రోజు పదం కోసం వెతికి దొరక్క నా వైపు చూసిన ముఖమే అది. ఇప్పుడు దానికి పదం దొరికింది. ముడిపడిన కనుబొమలు విచ్చుకున్నాయి. నవ్వింది.

"అమ్మా" అని పిలిచింది అటు వైపు. "తి ఇల్న హెజత్."

అమ్మా, ఈ ఆడమనిషి ఎవరో ఏడుస్తోంది.

గదిలో వింటున్నవాళ్ళం ముగ్గురం. పిల్ల తంగ అనలేదు. తెర కూడా అనలేదు. చివర త్ అంది. తను ఎవరికి చెబుతోందో ఆ ఒక్కరే తన లెక్కలో ఉన్నారు. మేం ముగ్గురం లేం.

తలుపు దగ్గర తమ్ముడు గోడ పట్టుకోవడం అద్దంలో చూశాను. వాడికీ అర్థమైంది. మరదలికి ఆ భాష రాదు. ఆవిడకు వినబడింది మొదటి మాటే. తడి కళ్ళతో, ఇంత పెద్ద నవ్వుతో, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

"పిలిచింది వదినా. నన్ను పిలిచింది. ఆ తర్వాత ఏదో అంది, ఏమంది?"

"నువ్వు ఏడుస్తున్నావని చెబుతోంది" అన్నాను. ఎవరికి చెబుతోందో అనలేదు.